తిమింగలాన్ని చూసినవాళ్లు

కార్వార్,
14 నవంబరు 1981.

(ఒకటో కార్డు)

పూజ్యులైన బావగారికి విఠల్ నమస్కారాలు. అక్క మోకాలి నొప్పి తగ్గిందని తలుస్తాను. ఇన్లాండు లెటర్లు దొరకలేదు. అందుకని మూడు కార్డుల మీద రాసి, నంబర్లు వేస్తున్నాను. వరస తప్పకుండా చదువుకోండి.

ఆదోని వదిలి ఇక్కడ ఖానావళి పెట్టి తొమ్మిదేళ్లయింది. ఈ తొమ్మిదేళ్లూ అన్నం, సారు, పల్యం తప్ప వేరే ధ్యాస లేకుండా బతికాను. ఇప్పుడు యాభయ్యో ఏట కొత్త పిచ్చి పట్టింది. రెండు నెలలుగా ప్రతి ఆదివారం తెల్లవారగానే బుధవంత అనే జాలరి మోటారు బోటులో సముద్రం లోపలికి పోతున్నాను. నాతో పాటు ఏడెనిమిది మంది వస్తారు. ఎందుకు పోతున్నామంటే –

(రెండో కార్డు)

చూడటానికి. ఊరికే చూడటానికే! మా ఖానావళిలో భోంచేసే కాలేజీ లెక్చరరు ఒకాయనకు సముద్రపు పిట్టలంటే ప్రాణం. ఆయన బోటు మాట్లాడుకుని, నా చేత ఉప్పిట్టు చేయించుకుని, ఆ గిన్నె మోసేందుకు నన్నే రమ్మన్నాడు. మోయడానికి పోయినవాణ్ణి చూడటం మొదలుపెట్టాను. నల్ల టోపీ పెట్టుకున్నట్టు తల, కత్తెరలా చీలిన తోక ఉన్న తెల్ల పిట్టలు రాయి పడ్డట్టు నీళ్లలోకి పడి, ముక్కున చేపతో లేస్తాయి. డాల్ఫిన్లు మా బోటు పక్కనే ఈదుతాయి. మేము వల వేయము, గాలం వేయము. ఒక్క చేపను కూడా ముట్టుకోము. ఇప్పుడు ఈ ఆదివారం ప్రయాణాలకు మనుషులను కూడగట్టేది నేనే.

(మూడో కార్డు)

ఇవన్నీ ఒక ఎత్తు, పోయిన ఆదివారం దొరికింది ఒక ఎత్తు. తిమింగలం, బావగారూ! లైట్‌హౌసు దీవి దాటి రెండు మైళ్లు పోయామో లేదో, నల్లటి వీపు లేచింది. లేస్తూనే ఉంది, ఎంతకీ అయిపోదు! మీ అరుగు దగ్గర తల పెడితే తోక తిమ్మప్ప పత్తి గోదాము దాకా వస్తుంది. ఇంత పెద్దది దొరికాక ఇక ఆదివారాలు మానే మాట లేదు. అక్కను తీసుకుని మీరు ఒకసారి రావాలి. 

మీ విఠల్.


ఆదోని,
24 నవంబరు 1981.

చి. విఠల్‌కు ఆశీస్సులు.

నీ ఒకటో కార్డు, మూడో కార్డు అందాయి. రెండోది రాలేదు. రాకపోయినా అందులో ఏముంటుందో ఊహించుకోగలను.

పోస్ట్‌మన్ నరసన్న కార్డులు ఇచ్చేముందు చదవడం నీకు తెలియనిది కాదు. ఈసారి గేటు దగ్గర నిలబడి పైకే చదివాడు. "సారూ, మీ బామ్మర్ది సేపల యాపారం పెట్టినాడంట! తిమింగలం దొరికిందంట! అంత సేపను యాడ అమ్ముతాడు సారూ, ఉబ్బల్లి సంతలోనా?" అన్నాడు. వీధంతా విన్నది. సాయంత్రం తిమ్మప్ప అరుగు మీద కూర్చుని, "పప్పన్నం వండే చేత్తోనే వల యాసినాడా అప్పా?" అని ఎంతో దిగులుగా అడిగాడు. ఆ దిగులు వెనక నవ్వు ఉన్నట్టు నాకు అనుమానం. మీ అక్క రెండు రోజులు సరిగ్గా భోంచేయలేదు. "మా తమ్ముడు అట్లాంటోడు కాదు" అంటుంది, మళ్లీ కళ్లు ఒత్తుకుంటుంది. రాఘవేంద్రస్వామిని నమ్ముకున్న ఇంట్లో పుట్టి నీకు ఇదేం బుద్ధి?

ఇక తిమింగలం సంగతి. ముప్పయ్యొక్క ఏళ్లు ఈ ఊళ్లో భూగోళం చెప్పి రిటైరైనవాణ్ణి. "తిమింగలములు ధ్రువప్రాంతపు శీతల సముద్రములలో నివసించును" అని ఏటేటా నోట్సు చెప్పాను. కార్వార్‌లో చెమట పట్టని రోజు లేదని నువ్వే రాస్తావు. అక్కడికి అది ఎందుకు వస్తుంది, నీ ఉప్పిట్టు తినడానికా?

నిన్ను ఈ రోజు కొత్తగా ఎరుగుదునా? పదేళ్లప్పుడు రణమండల కొండ మీద చిరుతపులి అన్నావు. ఊరు ఊరంతా కర్రలు పట్టుకుని పోతే అది చాకలి గంగన్న గాడిద. దేవరగట్టులో కర్రల సమరం మధ్య నిలబడి దెబ్బ తిన్నానని తలకు కట్టుతో వచ్చావు. హొళగుంద బస్సు మెట్ల మీంచి జారిపడ్డావని కండక్టరే చెప్పాడు. ఈ వీధిలో ఇప్పటికీ ఎవడైనా కోతలు కోస్తే "విఠల్ మాట" అంటారు. అది విన్నప్పుడల్లా మీ అక్క ముఖం చూడలేను.

ఇంట్లో మనం మాట్లాడుకునేది కన్నడమే అయినా నాకు కోపం మాత్రం తెలుగులోనే బాగా వస్తుంది. అందుకే తెలుగులో రాశాను.

సేతుమాధవరావు.


కార్వార్,
5 డిసెంబరు 1981.

బావగారికి నమస్కారాలు. 

ముందుగా అక్కకు చెప్పండి: నేను చేపలు పట్టడం లేదు, అమ్మడం లేదు, తినడం లేదు. చూస్తున్నాను! రెండో కార్డు నిండా రాసింది ఆ ముక్కే. అది ఏ ఊరు పట్టుకుపోయిందో ఆ నరసన్ననే అడగండి. మధ్య కార్డు లేకుండా ఎవరి బతుకు చదివినా ఇట్లాగే ఉంటుంది.

మా ఇంటావిడ రాధాబాయి కూడా మొదట్లో "చూడటానికి పోవడమేమిటి? అంగడికి పోయి బెండకాయలు చూసి ఊరికే వస్తామా?" అంది. నేను ఒకటే అడిగాను. ఉరుకుంద జాతరకు బస్సుల మీద కూర్చుని జనం పోతారు. దేవరగట్టులో చీకట్లో గట్టెక్కి నిలబడి కర్రలు లేచేది చూస్తారు. ఏం తెచ్చుకుంటారు ఇంటికి? చూసి వస్తారు, అంతే. చూసినవాడి ముఖం వేరుగా ఉంటుంది. పోయిన వారం బోటులో ఒక బ్యాంకు ఆఫీసరు వచ్చాడు. ఎక్కేటప్పుడు ఎవరితోనూ మాట్లాడని మనిషి. డాల్ఫిన్లు గుంపుగా వచ్చి బోటు ముందు దూకేసరికి నా భుజం పట్టుకుని "అయ్యయ్యో, అయ్యయ్యో" అన్నాడు. ఎందుకన్నాడో ఆయనకే తెలియదు.

ధ్రువాల సంగతి లెక్చరరును అడిగాను. వేడి నీళ్లను వదిలిపెట్టని తిమింగలాల జాతి ఒకటి ఉందట. మన అరేబియా సముద్రంలో తిరుగుతుందట. మీ నోట్సు అబద్ధమని ఆయన అనలేదు. సగమే ఉందన్నాడు. 

ఇందులో బొమ్మ వేసి పంపుతున్నాను. నాకు బొమ్మలు రావని మీకు తెలుసు, అయినా శ్రద్ధగా వేశాను. జీవితంలో ఈ ఒక్కసారి నా మాట నమ్మండి బావగారూ. లేదా వచ్చి చూడండి.

మీ విఠల్.


ఆదోని,
2 జనవరి 1982.

చి. విఠల్‌కు ఆశీస్సులు.

నీ రెండో కార్డు నిన్న వచ్చింది. నీ దస్తూరీలో ఆదోని ఎవరికో అడూరులా కనిపించి, కేరళ అంతా తిరిగి వచ్చింది పాపం. చేపల వ్యాపారం మాట వెనక్కి తీసుకుంటున్నాను. నరసన్న ఈ కార్డును కూడా గేటు దగ్గర పైకే చదివాడు. కానీ మొదటిసారి చదివినప్పుడు ఉన్న జనం ఈసారి లేరు.

తిమింగలం మాట మాత్రం వెనక్కి తీసుకోను.

నీ బొమ్మను అరుగు మీదికి వచ్చినవాళ్లకు చూపించాను. తిమ్మప్ప అటూ ఇటూ తిప్పి, "ఇది గుర్రాలు నీళ్లు తాగే దొన్నెను తిరగేసినట్టుండాది గదా సారూ?" అన్నాడు. మరొకాయన, "కాదప్పా, ఎమ్మిగనూరు బస్సు వానలో పోతాంది" అన్నాడు. మీ అక్క ఎవరి మాటా వినలేదు. మత్స్యావతారమని దేవుడి గూట్లో పెట్టి కుంకుమ పెట్టింది. ఇప్పుడు రోజూ నీ తిమింగలానికి నేనే హారతి పట్టాల్సి వస్తోంది. 

మాటా మాటా పెరిగి మొన్న అరుగు మీద ఒక మాట అనేశాను. కార్వార్ సముద్రంలో తిమింగలం ఉందని రుజువైతే, నేను పనిచేసిన హైస్కూలుకు పోయి, "ముప్పయ్యొక్క ఏళ్లు తప్పు చెప్పినాను" అని పిల్లల ముందు ఒప్పుకుంటానని అన్నాను. "మరి రుజువు కాకపోతే సారూ?" అని తిమ్మప్ప అడిగాడు. "మా విఠల్ అబద్ధాలకోరని మీరంతా అనుకునేది నిజమే అవుతుంది" అన్నాను.

లోపల చెంబు కింద పడింది. మీ అక్క బయటికి వచ్చింది. ఇంతమంది మగవాళ్ల మధ్యకు ఆమె ఎప్పుడూ రాదు. "మా తమ్ముణ్ణి అబద్ధాలకోరు అంటే నన్ను అన్నట్టే. పోదాం పదండి కార్వారుకు. నా కండ్లతో నేను చూస్తాను" అంది. ముప్పయ్యారేళ్ల కాపురంలో ఆమె నాతో ఇంత గట్టిగా మాట్లాడింది ఇదే మొదలు. 

ఎమ్మిగనూరు జాతర కాగానే బయలుదేరుతాం. ఫిబ్రవరి రెండో వారం. ఓడలో నాకు కిటికీ పక్కన సీటు ఉంచు. ఎండ పడని వైపు. 

సేతుమాధవరావు.


కార్వార్,
18 జనవరి 1982.

బావగారికి నమస్కారాలు. 

మీరు వస్తారన్న ఉత్తరం రాధాబాయికి రెండుసార్లు చదివి వినిపించాను. తొమ్మిదేళ్ల తర్వాత అక్క నా ఇంటి గడప తొక్కబోతోంది! 

కొన్ని సంగతులు ముందే చెప్పాలి. అది ఓడ కాదు. కిటికీలు లేవు. సీట్లు లేవు, అడ్డంగా రెండు పలకలుంటాయి. పైన ఒక గుడ్డ కడతాం, గాలి ఎక్కువైతే అదీ విప్పేస్తాం. ఎక్కాలంటే పంచె మోకాళ్ల పైకి కట్టి నీళ్లలో నాలుగడుగులు నడవాలి. అక్కను బుధవంత భార్య చేయి పట్టుకుని ఎక్కిస్తానంది.

గుంతకల్లులో హుబ్బళ్లి బండి ఎక్కండి. హుబ్బళ్లి నుంచి కార్వార్ బస్సు. ఘాట్‌లో మలుపులు ఎక్కువ, కళ్లు మూసుకోండి. బోటులో మాత్రం కళ్లు మూసుకోకూడదు. మూస్తే కడుపులో తిప్పుతుంది. దూరంగా గట్టు వైపు చూస్తూ ఉండాలి. 

అన్నిటికంటే ముఖ్యం: బోటెక్కే రోజు పొద్దున కడుపు నిండా తినకూడదు. రెండు ఇడ్లీలు, అంతే. తీపి అస్సలు వద్దు. అక్కకు ఇది గట్టిగా చెప్పండి. ఆమె ఓళిగల డబ్బాతో రాకుండా ఉండదు. 

తిమింగలం కనిపిస్తుందని నేను మాట ఇవ్వలేను. ఉన్నదాన్ని చూడటానికి కూడా రాసిపెట్టి ఉండాలి. అది రాకపోతే తప్పు నాది కాదని ఇప్పుడే రాసి పెడుతున్నాను, ఈ ఉత్తరం దాచి ఉంచండి.

మీ విఠల్.


ఆదోని,
24 ఫిబ్రవరి 1982.

చి. విఠల్‌కు ఆశీస్సులు.

క్షేమంగా చేరాం. మీ అక్క వీధిలో ఇంటింటికీ పోయి డాల్ఫిన్ల గురించి చెబుతోంది. చేత్తో దూకించి చూపిస్తోంది. ఆమె మోకాలి నొప్పి మాట మరిచిపోయింది. 

నా సంగతి నువ్వు కళ్లారా చూశావు. ఆరు ఓళిగలు తిన్నాను, ఒప్పుకుంటున్నాను. లైట్‌హౌసు దీవి దాటకముందే నాకు లోకం తలకిందులైంది. మీరంతా ఆ పక్కన నిలబడి డాల్ఫిన్లను చూసి కేకలు వేస్తుంటే, నేను ఈ పక్కన ఒక్కణ్ణే అంచు పట్టుకుని సముద్రానికి ఓళిగలు సమర్పించుకుంటున్నాను. ఇంతవరకూ నీకు తెలిసిందే. తర్వాత జరిగింది నీకు సరిగ్గా చెప్పలేదు. సిగ్గుపడ్డాను. ఇప్పుడు చెబుతాను. 

తల వంచుకుని ఉన్నాను. ముందుగా వాసన వచ్చింది. కుళ్లిన వాసన. నా వాంతి వాసనే అనుకున్నాను. ఆ వెంటనే పెద్ద కొలిమి తిత్తి ఒక్కసారి ఊదినట్టు చప్పుడు. తలెత్తాను. పది బారల దూరంలో నీళ్లు చీలి తల ఒకటి పైకి వచ్చింది. ఆ తల మీద పొడవునా మూడు గట్లున్నాయి, చేలో గట్లు వేసినట్టు. తర్వాత వీపు. అది నడుస్తూ పోతోంది, పోతూనే ఉంది. చివర చిన్న రెక్క, కొడవలిలా వంగి ఉంది. అంత ఒళ్లుకు అంత చిన్న రెక్క ఎందుకో! ఆ తర్వాత నీళ్లు మూసుకున్నాయి. నూనె పోసినట్టు నున్నగా అయింది. 

నాకు భయం వేయలేదు విఠల్. అది నన్ను లెక్కచేయలేదు. ముప్పయ్యొక్క ఏళ్లు నేను దాని ఇంటి అడ్రసు తప్పు చెప్పాను, అది ఏమీ అనకుండా నా ముందు నుంచి పోయింది. 

నేను అరిచానో లేదో నాకే తెలియదు. మీరంతా ఇటు తిరిగేసరికి ఏమీ లేదు. "తిమింగలం" అన్నాను. ఆ బ్యాంకు ఆఫీసరు నవ్వాడు. మీ అక్క "పిత్తం తలకెక్కింది, పడుకోండి" అని చెంగుతో నా మూతి తుడిచింది. నువ్వు ఒక్కడివే నవ్వలేదు. నా వైపు వింతగా చూసి ముఖం తిప్పుకున్నావు. 

ఊరు చేరి అరుగు మీద ఈ సంగతి చెప్పాను. తిమ్మప్ప చాలాసేపు నా ముఖంలోకి చూసి, "సారూ, మీకు కూడా తగిలినాదా బామ్మర్ది గాలి?" అన్నాడు. రెండు రోజుల్లో మాట ఊరు దాటింది. నిన్న మార్కెట్లో నా దగ్గర చదువుకున్నవాడే ఒకడు పక్కవాడితో, "ఇది సేతుమాధవరావు మాట గానీ, నిజం సెప్పు" అనడం విన్నాను. నీ పేరు తీసి నా పేరు పెట్టారు. 

నువ్వు నవంబరులో చూసిన మనిషివి. నాకు సాక్షివి నువ్వే. నువ్వు చూసినదానికి తల మీద మూడు గట్లున్నాయా? రెక్క వంగి ఉందా? వాసన వచ్చిందా? ఉన్నది ఉన్నట్టు రాయి. నీ ఉత్తరం అరుగు మీద అందరి ముందూ చదువుతాను. 

నిన్ను ఇన్నేళ్లు నమ్మనందుకు మనసు బాగాలేదు. 

సేతుమాధవరావు.


కార్వార్,
7 మార్చి 1982.

బావగారికి నమస్కారాలు. 

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చించేశాను. ఇక చించను. 

నేను తిమింగలాన్ని చూడలేదు. 

నవంబరులో చూసింది బుధవంత. ఆ సమయానికి నేను వీపు అటు తిప్పి ఆకుల్లో ఉప్పిట్టు పెడుతున్నాను, మిగిలినవాళ్లు తినే ధ్యాసలో ఉన్నారు. అతను కేక వేశాడు. గరిటె పట్టుకుని తిరిగాను. అప్పటికి నీళ్లు మూసుకున్నాయి. మీరు రాసిన ఆ నూనె పోసినట్టు నున్నగా ఉన్న నీళ్లే నేను చూసింది. బుధవంత చెబుతుంటే విన్నాను. ఇంటికి వచ్చేసరికి నేనే చూసినట్టు అనిపించింది. కార్డు మీద రాసేసరికి చూసేశాను కూడా. 

ఎందుకు రాశానంటే ఏం చెప్పను? నా సారులో ఉప్పు సరిపోయిందా లేదా అన్నది తప్ప తొమ్మిదేళ్లలో నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. మీరు ముక్కున వేలు వేసుకునే మాట ఒకటి చెప్పాలనిపించింది. చెప్పాక వెనక్కి పోలేకపోయాను. అప్పటి నుంచి ప్రతి ఆదివారం అందరూ డాల్ఫిన్లను చూస్తుంటే నేను దానికోసమే చూశాను. అది కనిపిస్తే నా అబద్ధం నిజమవుతుందని. 

ఆ రోజు మీరు "తిమింగలం" అన్నప్పుడు నేను ముఖం తిప్పుకున్నది అందుకే. మీరు చూశారని మీ ముఖం చూడగానే తెలిసింది. అసూయ పడ్డాను బావగారూ. ఓళిగలు తిని వాంతి చేసుకుంటున్న మనిషికి కనిపించింది, నాకు కనిపించలేదు! 

మీ ఉత్తరం రాగానే బుధవంత దగ్గరికి పోయాను. మీరు రాసింది అతనికి ఒక్క ముక్క కూడా చెప్పలేదు. "నువ్వు చూసిన దాని తల ఎట్లా ఉంది?" అని మాత్రం అడిగాను. అతను తడిసిన పలక మీద వేలితో మూడు గీతలు గీశాడు. పక్కపక్కన, పొడవుగా. తర్వాత ముక్కు మూసుకుని నవ్వాడు. "వాసన మాత్రం చెప్పకూడదు" అన్నాడు. మీకు ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు. మీరు చూశారు. 

ఈ ఉత్తరం అరుగు మీద మొత్తం చదవండి. అబద్ధం నాది, నిజం మీది అని అందరికీ తెలియాలి. ఊళ్లో నా పేరు ఎట్లాగూ ఉన్నదే, కొత్తగా పోయేదేమీ లేదు. అక్క ఒక్కతే బాధపడుతుంది. ఆమెకు చదివేటప్పుడు కొంచెం నెమ్మదిగా చదవండి.

విఠల్.


ఆదోని,
20 మార్చి 1982.

చి. విఠల్‌కు ఆశీస్సులు.

నీ ఉత్తరం వచ్చిన సాయంత్రమే నరసన్న దండోరా వేసినట్టున్నాడు, అరుగు నిండిపోయింది. తిమ్మప్ప పైపంచె పరుచుకుని కూర్చుని, "బామ్మర్ది కాగితం వచ్చినాదంట గదా సారూ, సదవండి, ఇందాం" అన్నాడు. తలుపు వెనక మీ అక్క నిలబడి ఉంది. ఆమె గాజుల చప్పుడు నాకు వినిపిస్తోంది. 

కళ్లజోడు పెట్టుకుని మొదలుపెట్టాను. "బావగారికి నమస్కారాలు" అని చదివాను. తర్వాతి వాక్యం దగ్గర ఆగాను. దగ్గాను. మంచినీళ్లు అడిగి తాగాను. 

"'మీరు చూసినదీ నేను చూసినదీ ఒకటే బావగారూ' అని రాసినాడు" అన్నాను. 

నీ ఉత్తరంలో ఆ వాక్యం లేదు. అయినా చదివాను. "తల మీద మూడు గట్లున్నాయి" అని చదివాను. "రెక్క వంగి ఉంది" అని చదివాను. వాసన సంగతి, బుధవంత వేలితో గీసిన గీతలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే చదివాను. పాఠం చెప్పినన్నాళ్లూ పుస్తకంలో లేనిది ఒక్క ముక్క చెప్పనివాణ్ణి, ఆ రోజు కాగితం కంటే ఎక్కువే చదివాను. చెమట పట్టింది. ఇది నీకు ఇన్నేళ్లు ఎట్లా చేతనైందిరా? 

తిమ్మప్ప మూడు వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. తర్వాత, "ముగ్గురు మనుసులు, మూడు గీతలు. ఉండాదప్పా ఆ సేప, ఉండాది" అన్నాడు. తలుపు వెనక నుంచి మీ అక్క, "మా తమ్ముడు చూసిందే చెప్తాడని ఎన్నేండ్ల నుంచి మొత్తుకుంటాండాను, ఎవరన్నా విన్నారా?" అంది. గొంతులో తొట్రుపాటు లేదు. 

అందరూ పోయాక నీ ఉత్తరం మడత పెడుతూ చూశాను. ఇన్లాండు అంచు దగ్గర ఎండిపోయిన అన్నం మెతుకు అతుక్కుని ఉంది. నేను తెరవకముందే ఎవరో తెరిచి, చదివి, మెతుకుతో మళ్లీ అంటించారు. నరసన్న కార్డులు చదువుతాడు గానీ అంటించినవి తెరవడు; ఈ ఇంట్లో నేను కాక ఉన్నది ఒక్కరే. అంటే అరుగు మీద నేను తడుముకుంటున్నంతసేపూ, నేను ఏం చదువుతానా అని ఆమె తలుపు వెనక నిలబడి ఉంది. నేను ఆమెను ఏమీ అడగలేదు. రాత్రి భోజనంలో అడక్కుండానే రెండోసారి నెయ్యి వేసింది. 

మాట ప్రకారం సోమవారం హైస్కూలుకు పోయాను. హెడ్‌మాస్టరును అడిగి తొమ్మిదో తరగతిలో నిలబడి, "తిమింగలములు శీతల సముద్రములలోనే నివసించును అని నేను చెప్పినది తప్పు" అన్నాను. పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముందు బెంచీలో ఒక అమ్మాయి లేచి, "అయితే పరీక్షలో ఏం రాయల్ల సార్?" అంది. "రెండు చోట్లా ఉండును అని రాయమ్మా. మార్కులు తీసేస్తే నా దగ్గరికి రా" అన్నాను. 

నీ మీద కోపం లేదు. అసూయ పడ్డానని రాశావు చూడు, ఆ ఒక్క మాటకు మిగిలినవన్నీ చెల్లిపోయాయి. 

సేతుమాధవరావు.


కార్వార్,
8 నవంబరు 1982.

బావగారికి, అక్కకు నమస్కారాలు. 

వానలు వెనకబట్టి, గాలి తిరిగి, నిన్న ఆదివారం ఈ సీజనులో మొదటిసారి బోటు తీశాం. లెక్చరరుకు జ్వరం, మిగిలినవాళ్లు రాలేదు. నేనూ బుధవంతా ఇద్దరమే పోయాం. ఇద్దరికోసం ఉప్పిట్టు ఎందుకని గిన్నె కూడా తీసుకుపోలేదు. చేతులు ఖాళీగా ఉన్నాయి. 

కనిపించింది, బావగారూ. 

ఈసారి నిజంగా. మీరు రాసినట్టే. ఒకటి కాదు, పక్కనే చిన్నది కూడా ఉంది. బుధవంత ఇంజను ఆపేశాడు. పెద్దది ఊపిరి వదిలితే ఆ తుంపర నా చొక్కా మీద పడింది. రాధాబాయి ఉతుకుతానంటే ఆ చొక్కా ఇవ్వలేదు. 

ఒడ్డుకు వచ్చాక పరుగెత్తుకుంటూ ఇంటికి పోయాను. "చూశాను, తిమింగలాన్ని చూశాను!" అన్నాను. రాధాబాయి బియ్యం చెరుగుతూ తలెత్తకుండా, "పోయినేడే చూస్తివి గదా" అంది. 

లెక్చరరుకు చెప్పాను. "మళ్లీనా? అదృష్టవంతుడివి" అన్నాడు. ఖానావళిలో అందరూ తలూపి మజ్జిగ పోయించుకున్నారు. ఆదోనిలో అయితే నేను ఎప్పుడో చూసేసినవాణ్ణి, మీరే చదివి వినిపించారు. యాభయ్యొక్క ఏళ్ల జీవితంలో నాకు జరిగిన పెద్ద సంగతి ఇది. కొత్తగా చెప్పుకోవడానికి ఒక్క మనిషి లేడు. నేను చెప్పిన అబద్ధమే ముందు పోయి అన్ని ఇళ్లలోనూ కూర్చుంది. 

ఎవరికి చెప్పాలి బావగారూ?

విఠల్.


ఆదోని,
16 నవంబరు 1982.

చి. విఠల్‌కు ఆశీస్సులు.

నాకు చెప్పు. 

శుక్రవారం గుంతకల్లులో బండి ఎక్కుతున్నాం. శనివారం సాయంత్రానికి మీ ఇంట్లో ఉంటాం. బోటు ఎక్కడానికి రావడం లేదు. మీ అక్క ఎక్కుతుందట, అది ఆమె ఇష్టం. నేను ఒడ్డున ఉంటాను. నువ్వు కూడా ఈ ఒక్క ఆదివారం బోటు మాని నా దగ్గర కూర్చో. 

గాలి ఎటు నుంచి వచ్చింది, నువ్వు ఏ పక్కన నిలబడ్డావు, చిన్నది తల్లికి ఎంత దగ్గరగా ఈదింది – అంతా మొదటి నుంచి చెప్పు. ఎంతసేపైనా సరే. నేను మధ్యలో ఒక్క మాట అడ్డం రాను. 

సేతుమాధవరావు.